అధివాస్తవిక చిత్రాన్ని వినిపించడం ఎలా? తిరుపతి శబ్దాలతో యాంబియెంట్ సంగీతం, అంచెలంచెలుగా

"డాలీ బొమ్మ చూసి ఒక యాంబియెంట్ ట్రాక్ చేశాను. వింటే దయ్యాల సినిమాలా ఉంది. ఎక్కడ తేడా కొట్టింది?" ఈ ప్రశ్న రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. (యాంబియెంట్ అంటే పాట, తాళం ముందుకు రాకుండా పరిసరాల ధ్వనిలా సాగే సంగీతం.) తేడా దాదాపు ప్రతిసారీ ఒకేచోట ఉంటోంది. బొమ్మలోని వింతను వినిపించాలని అన్ని శబ్దాలనూ వింతగా మార్చేస్తున్నారు.

అధివాస్తవిక (సర్రియలిస్టు) చిత్రకారులు డాలీ, మాగ్రిట్ గీసిన వస్తువులు ఫొటో తీసినంత స్పష్టంగా ఉంటాయి. గడియారం గడియారమే, టోపీ టోపీయే. తప్పేది ఒక్క నియమం, మిగతా లోకమంతా సవ్యంగానే ఉంటుంది. సంగీతంలోనూ అదే పద్ధతి పాటించాలి. ఊళ్లో రోజూ వినే శబ్దాలను చెక్కుచెదరకుండా ఉంచి, ఒక్క నియమం మాత్రం తప్పించాలి. కింది దశలన్నీ ఆ లెక్కతోనే నడుస్తాయి.

ఉదాహరణకు మాగ్రిట్ 1949 నుంచి పలుమార్లు గీసిన "వెలుగుల సామ్రాజ్యం" వరుస చిత్రాలను తీసుకుందాం. కింద చీకటి వీధి, ఒక ఇల్లు, వెలుగుతున్న వీధి దీపం. పైన తెల్ల మబ్బులతో పట్టపగటి ఆకాశం. తిరుపతిలో ఉన్నవారికి దీనికి కావలసిన ముడిసరుకంతా ఇంటి చుట్టుపక్కలే దొరుకుతుంది.

1. ముందు కాగితం, తర్వాతే కంప్యూటర్

బొమ్మను తెరపై పెద్దదిగా పెట్టుకుని పావుగంట చూడండి. ఆ తర్వాత మూడు వాక్యాలు రాయండి.

- బొమ్మలో సవ్యంగా ఉన్నవి ఏమిటి?
- తప్పిన నియమం ఏది? ఒక్కటే రాయాలి.
- ఆ నియమానికి శబ్దంలో సమానమైనది ఏది?

మూడో వాక్యం తెగకపోతే రికార్డింగ్‌కు బయలుదేరవద్దు. "విషాదం", "కలలాంటి అనుభూతి" వంటి మాటలు పనికిరావు. వాటితో ఏ ఫిల్టర్ ఎంత తిప్పాలో తెలియదు.

మచ్చుకు కొన్ని:

- డాలీ "జ్ఞాపకాల కొనసాగింపు", 1931. గట్టి వస్తువు మెత్తబడింది. కంచు పళ్లెం మోగించి, మొదటి దెబ్బను అలాగే ఉంచి, తోకను (ఆ తర్వాత మిగిలే మోతను) మాత్రం నలభై సెకన్ల పాటు నెమ్మదిగా కిందికి జారనివ్వాలి.
- మాగ్రిట్ "గోల్కొండ", 1953. టోపీలు పెట్టుకున్న మనుషులు వానలా గాలిలో నిలిచి ఉంటారు, పడరు. ఒకే చినుకు శబ్దాన్ని దగ్గర, మధ్య, దూరం అనే మూడు లోతుల్లో సమాన వ్యవధులతో పేర్చాలి. పేరు మన కోటదే కదా అని వీణ కలపబోకండి, ఆ బొమ్మలో మన కోట ఎక్కడా లేదు.
- రెమెడియోస్ వారో "పక్షుల సృష్టి", 1957. గుడ్లగూబ రూపం మెడలోని వయోలిన్‌కు అనుసంధానమైన కుంచెతో పక్షులను గీస్తుంటుంది. వయోలిన్ హార్మోనిక్స్‌ను (తీగను తేలిగ్గా తాకితే వచ్చే సన్నని స్వరాలను) ఒక స్థాయి (అష్టకం) పెంచి, చిన్న ముక్కలుగా కోసి కూతలు తయారుచేయాలి. సంగీత కళాశాలలో వయోలిన్ నేర్చుకునేవారికి ఇది మంచి మొదటి ప్రయత్నం.
- మాక్స్ ఎర్నెస్ట్ 1925లో మొదలుపెట్టిన రుద్దుడు పద్ధతి. నేలచెక్కలపై కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే లోపలి గీతలు బయటపడతాయి. పీజో బిళ్లను (కంపనాన్ని కరెంటుగా మార్చే చిన్న బిళ్లను) మైకుగా మార్చి చెక్క, రాయి, చాప మీద రుద్దితే ఆయా వస్తువుల గరుకుదనం వినిపిస్తుంది.

మన ఉదాహరణకు మూడో వాక్యం ఇది: పై ధ్వనులన్నీ పగటివి, కింది ధ్వనులన్నీ రాత్రివి, రెండూ ఒకే క్షణంలో వినిపించాలి.

2. సరంజామా

ఖరీదైన సింథసైజర్ అక్కర్లేదు.

- ఫోను లేదా చేతి రికార్డర్. ఫోనులో మామూలు వాయిస్ రికార్డర్ వద్దు. అది మాటను తప్ప మిగతాదంతా రొదగా లెక్కగట్టి నొక్కేస్తుంది. వేవ్ ఫైలుగా దాచే యాప్ పెట్టుకోండి, శబ్ద తగ్గింపు, ఆటోమేటిక్ గెయిన్ (శబ్దం గట్టిదనాన్ని తానే పెంచి తగ్గించేది) రెండూ ఆపండి.
- చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు.
- మైకుకు స్పాంజి తొడుగు. లేకపోతే మందపాటి ఉన్ని సాక్సు.
- ఆడాసిటీ లేదా రీపర్ (శబ్దాలను కోసి కలిపే సాఫ్ట్‌వేర్లు). మొదటిది పూర్తిగా ఉచితం, రెండోది 60 రోజులు ఉచితంగా పరీక్షించుకోవచ్చు.
- సర్జ్ ఎక్స్‌టీ సింథ్ (కంప్యూటర్‌లోనే స్వరాలు పుట్టించే సాఫ్ట్‌వేర్). ఇదీ ఉచితమే.
- ఒక ఇత్తడి గ్లాసు. ఎందుకో ఆరో దశలో చెబుతాను.

3. ఎక్కడ, ఎప్పుడు

తిరుపతిలో పూర్తి నిశ్శబ్దం దొరకదు. యాత్రికుల వాహనాలు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. అయినా అర్ధరాత్రి రెండు దాటాక మూడున్నర లోపు పక్కవీధుల్లో కొంత తెరిపి ఉంటుంది. రాత్రి పొరకు అదే సమయం.

స్థలం కోసం కొండల దాకా పోనవసరం లేదు. కాలనీ చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మలుపు చూసుకోండి. దాని హోరు, దూరాన రేణిగుంట వైపో చంద్రగిరి వైపో వెళ్లే లారీ, ఎక్కడో ఒక కుక్క. మాగ్రిట్ వీధికి ఇంతకంటే ఏం కావాలి? ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు మాత్రం దూరంగా నిలబడండి, పదడుగుల నుంచి కూడా అది చక్కగా వినిపిస్తుంది.

పగటి పొరకు ఉదయం ఆరు ప్రాంతంలో ఎస్వీ యూనివర్సిటీ చెట్ల కింద గోరింకలు, చిలుకలు సరిపోతాయి. చిత్తూరు వైపు వారు ఊరి బయట మామిడి తోటకు వెళ్లవచ్చు. కాపలాదారుకు ముందురోజే చెప్పి ఉంచండి.

తెల్లవారుజామున మైకు సెట్ల నుంచి సుప్రభాతం, ధనుర్మాసంలో తిరుప్పావై వినిపిస్తాయి. చెవికి ఇంపే గాని, మన పనికి చేటు. తెలిసిన పాట ఒక్క చరణం వినిపించినా శ్రోత మనసు దాని వెంట పోతుంది. పైగా రికార్డు చేసిన పాటకు హక్కుదారులు ఉంటారు. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు ఊళ్లో ఉదయపు రికార్డింగ్ మానుకోవడమే మేలు.

జలపాతాల సంగతి. కార్తీక మాసపు వానల్లో కపిలతీర్థం, ఇంకాస్త దూరం వెళ్తే తలకోన, పలమనేరు దగ్గర కైగల్. అందరూ మొదట అటే పరుగెత్తుతారు. నా సలహా, ఈ పనికి నీటి జోలికి పోవద్దు. జలపాతపు హోరు కింది ధ్వని నుంచి పై ధ్వని దాకా అన్ని స్థాయిలనూ కప్పేస్తుంది. పగలు ఎక్కడ, రాత్రి ఎక్కడ అన్న గీతే చెరిగిపోతుంది.

ఆలయం లోపలికి ఫోన్లు అనుమతించరు, ఆ ఆలోచనే వద్దు. మనుషుల మాటలు స్పష్టంగా పడితే వారి అనుమతి లేకుండా వాడవద్దు.

4. రికార్డింగ్ వరుస

ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. యాప్‌లో రికార్డింగ్ నాణ్యతను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌కు పెట్టండి. అతి పెద్ద శబ్దం వచ్చినప్పుడు కూడా సూచిక మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు.

ఫోనును చేత్తో పట్టుకోకండి, వేళ్ల కదలిక ఉరుములా పడుతుంది. గోడ మీద మడిచిన తువ్వాలు వేసి దానిపై పెట్టండి. రికార్డింగ్ మొదలవగానే స్థలం, సమయం మెల్లగా చెప్పి పది అడుగులు వెనక్కి జరగండి. ఒక్కోచోట కనీసం పది నిమిషాలు ఆగాలి. మొదటి రెండు నిమిషాలు మీ రాకతో బెదిరిన పక్షులు మౌనంగా ఉంటాయి కాబట్టి ఆ భాగం సాధారణంగా పనికిరాదు.

బయలుదేరే ముందు సరిచూసుకోండి:

- బ్యాటరీ సగానికి పైగా ఉందా?
- శబ్ద తగ్గింపు ఆఫ్‌లోనే ఉందా? కొన్ని ఫోన్లు అప్‌డేట్ అయ్యాక తిరిగి ఆన్ చేసుకుంటాయి.
- స్పాంజి వేసుకున్నారా?
- చెప్పులు చప్పుడు చేసేవా? మార్చండి.
- రాత్రి పూటైతే తోడుగా ఒకరు ఉన్నారా?

5. రాత్రి నుంచి శ్రుతి తీసుకోవడం

చాలామంది ముందే సింథ్‌లో నచ్చిన శ్రుతి పట్టుకుని, బయటి శబ్దాలను దానికి అతికిస్తారు. వరుస తిరగేయండి. ఊరే శ్రుతి ఇస్తుంది.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప గుండె ఒక్కో చక్రానికి రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది కాబట్టి దాని హోరు 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. దానితో పాటు 200, 300 హెర్ట్జ్ అనుస్వరాలూ (దాని రెట్లలో మోగే పై ధ్వనులూ) ఉంటాయి. 100ను షడ్జమం అనుకోండి. 200 పై షడ్జమం, 300 దాని మీది పంచమం. అంటే వీధి మలుపులో తంబురా శ్రుతి మోగుతూనే ఉంది.

సింథ్‌ను దీనికి కలపడం ఇలా:

- ఐదు శ్రుతి, అంటే పాశ్చాత్య పద్ధతిలో జీ, కింది స్థాయిలో 98 హెర్ట్జ్ ఉంటుంది. దాన్ని 35 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పెంచితే సరిగ్గా 100 వస్తుంది.
- సాదా సైన్ తరంగం (అనుస్వరాలు లేని శుద్ధ ధ్వని) ఒకటి 100 దగ్గర, రెండోది 100.1 దగ్గర పెట్టండి. రెండింటి మధ్య తేడా వల్ల ధ్వని పది సెకన్లకొకసారి ఉబ్బి తగ్గుతుంది. ఊపిరి పీల్చి వదిలినట్లుండే ఈ కదలికకు వేరే ఎఫెక్టు అక్కర్లేదు.
- పంచమాన్ని 150 హెర్ట్జ్ దగ్గర, షడ్జమం కన్నా 6 డెసిబెల్స్ తక్కువగా కలపండి.
- స్వరం మొదలవడానికి 4 సెకన్లు, ఆగిపోవడానికి 8 సెకన్లు ఇవ్వండి.

గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కచ్చితంగా 50 దగ్గర నిలవదు, కొద్దిగా ఊగుతుంటుంది. అందువల్ల రికార్డు చేసిన హోరు, మీ సింథ్ స్వరం ఒకదానితో ఒకటి కాస్త రాసుకుంటాయి. సరిదిద్దబోకండి.

రాగం కావాలా అని అడుగుతారు. వద్దు. గాంధారం కలిపిన క్షణమే శ్రోత రాగాన్ని వెతకడం మొదలుపెడతాడు. షడ్జ పంచమాలతో ఆపండి.

6. గీత గీయడం: పగలు పైన, రాత్రి కింద

ఈ ట్రాక్ నిలిచేదీ కూలేదీ ఈ దశలోనే.

కీచురాళ్లతో మొదలుపెడదాం. రాత్రి అనగానే మనకు గుర్తొచ్చేవి అవే. అయితే వాటి శబ్దం ఎక్కువగా 3,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది, అంటే పక్షులు ఉండవలసిన చోట. వాటిని వదిలేస్తే ఆకాశంలోకి కూడా రాత్రి ఎక్కేస్తుంది. మనసుకు కష్టంగా ఉన్నా కోసేయాలి.

రాత్రి ట్రాక్‌కు లో పాస్ ఫిల్టర్ (కింది ధ్వనులను మాత్రమే పోనిచ్చేది) వేయండి. 900 హెర్ట్జ్ దగ్గర, అష్టకానికి 24 డెసిబెల్స్ వాలుతో. కీచురాళ్లు మాయమవుతాయి, హోరు, లారీ మిగులుతాయి. కుక్క అరుపులో పదును పోయి రెండు వీధుల అవతల నుంచి వచ్చినట్లుంటుంది.

పగటి ట్రాక్‌కు హై పాస్ ఫిల్టర్ (పై ధ్వనులను మాత్రమే పోనిచ్చేది), 2,000 హెర్ట్జ్ దగ్గర, అంతే వాలుతో. దూరపు ఆటోల మోత, గాలి హోరు పోతాయి. పక్షుల కింద నేల లేనట్లు తోస్తుంది. కావలసింది అదే, బొమ్మలోనూ ఆ ఆకాశానికి నేల లేదు.

ఇప్పుడు 900కూ 2,000కూ మధ్య ఖాళీ ఉంది. దాన్ని నింపాలన్న దురద పుడుతుంది, ఆగండి. అది వీధి దీపం చోటు.

ఇత్తడి గ్లాసును అరచేతిలో కాకుండా మూడు వేళ్ల కొసల మీద నిలిపి, అంచును గోటితో మీటండి. మైకు జానెడు దూరంలో ఉండాలి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఇరవై సార్లు మీటితే వాటిలో ఒకటో రెండో శుభ్రంగా పడతాయి. గోరు తగిలిన టిక్కు మొదట వినిపిస్తుంది, ఆ వెంటనే మోత. ఆ టిక్కు ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే ఉంచుతాను, దీపానికి స్తంభం ఉన్నట్లు శబ్దానికి ఒక మొదలు ఉంటుంది.

మోతలోని ప్రధాన ధ్వనిని 1,200 హెర్ట్జ్‌కు జరపండి. అది 150కి ఎనిమిది రెట్లు, అంటే మూడు స్థాయిల పైనున్న పంచమం. ఖాళీ మధ్యలో కుదురుగా కూర్చుంటుంది.

ఒక పరీక్ష: పగటి ట్రాక్‌ను మ్యూట్ చేసి వినండి. నమ్మదగిన రాత్రి వినిపించాలి. రాత్రిని మ్యూట్ చేసి వినండి. నమ్మదగిన ఉదయం వినిపించాలి. రెండూ కలిపినప్పుడే ఎక్కడో తేడా ఉందనిపించాలి. విడిగా విన్నప్పుడే వింతగా ఉంటే ఎఫెక్టులు ఎక్కువైనట్లే.

7. లూపుల నిడివి

లూపు అంటే మళ్లీ మళ్లీ తిరిగి మోగే ముక్క. మూడు ట్రాకులకూ ఒకే నిడివి ఇస్తే రెండో నిమిషానికే శ్రోత కనిపెట్టేస్తాడు. ఒకదానితో ఒకటి భాగించబడని నిడివులు తీసుకోండి.

- దీపం: 37 సెకన్లు
- పగలు: 83 సెకన్లు
- రాత్రి: 113 సెకన్లు

ఈ మూడూ మళ్లీ ఒకేచోట కలవడానికి నాలుగు రోజులకు పైగా పడుతుంది. మన ట్రాక్ తొమ్మిది నిమిషాలే కాబట్టి చింత లేదు.

ప్రతి లూపు చివరి 5 సెకన్లను మొదటి 5 సెకన్లతో అతివ్యాప్తి చేసి కలపండి. గుర్తుపట్టగలిగే సంఘటన, అంటే ప్రత్యేకమైన కుక్క అరుపో బస్సు హారనో, లూపులో ఉండకూడదు. అలాంటిది నచ్చితే వేరే ట్రాక్‌లో పెట్టి ఒక్కసారే వాడండి.

8. గది, ప్రతిధ్వని

రివర్బ్ ఇంగువ లాంటిది, చిటికెడు దాటితే ఇంకేదీ తెలియదు. పగటి పొరకు అసలు వద్దు. ఆకాశానికి గోడలుండవు. రాత్రికీ వద్దు, రికార్డింగ్‌లో వీధి సహజంగానే ఉంది. దీపానికి మాత్రం 8 సెకన్ల పొడవుతో, 30 మిల్లీసెకన్ల ఆలస్యంతో ఇవ్వండి.

ఊరి గదినే వాడాలనుకుంటే ముహూర్తాలు లేని రోజుల్లో ఏదైనా ఖాళీ కల్యాణ మండపం యజమానిని అడగండి. హాలు మధ్యలో రికార్డర్ పెట్టి, కొంత దూరంలో పెద్ద బెలూను పగలగొట్టండి. శబ్దం పూర్తిగా చల్లారేదాకా కదలవద్దు. ఆ ఫైలు మొదలును సరిగ్గా పేలుడు దగ్గర కోసి, రీపర్‌లోని రీవెర్బ్ (ReaVerb) ప్లగిన్‌లో వేస్తే మీ ఇత్తడి గ్లాసు ఆ మండపంలోనే మోగుతుంది. బెలూను గురించి వాచ్‌మన్‌కు ముందే చెప్పండి.

9. తొమ్మిది నిమిషాల నడక

మొదటి నిమిషంన్నర రాత్రి ఒక్కటే. తర్వాత దీపం. రెండో నిమిషం నుంచి నాలుగో నిమిషం దాకా పగలు ఎంత మెల్లగా రావాలంటే, ఎప్పుడు వచ్చిందో శ్రోత చెప్పలేకపోవాలి. నాలుగు నుంచి ఏడున్నర దాకా ఏమీ మార్చకండి. ఈ మూడున్నర నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవడమే ఇందులో అన్నిటికన్నా కష్టమైన పని. ఏడున్నర దగ్గర శ్రుతిని తీసేయండి, తర్వాత రాత్రిని. చివరి అరనిమిషం ఆకాశానిది.

10. తరచూ వచ్చే చిక్కులు, మరమ్మతులు

*హెడ్‌ఫోన్లలో బాగుంది, ఫోను స్పీకర్‌లో శ్రుతి మాయమైంది.* చిన్న స్పీకర్లు 100 హెర్ట్జ్ పలికించలేవు. 200, 300 దగ్గర సైన్ తరంగాలు అతి తక్కువ స్థాయిలో కలపండి. వాటిని వింటే చెవి కింది స్వరాన్ని తానే ఊహించుకుంటుంది.

*లూపు కలిసేచోట టిక్కుమంటోంది.* ఐదు సెకన్ల కలయిక వేసినా వస్తోందంటే తరంగం సున్నా దగ్గర కోయలేదు. ఆడాసిటీలో ఎంపిక చేశాక జెడ్ నొక్కితే దగ్గరలోని సున్నాకు జరుగుతుంది.

*పక్షులు చెవిలో గుచ్చుతున్నాయి.* మొత్తం వాల్యూమ్ తగ్గించవద్దు. 3,000–5,000 మధ్య 3 డెసిబెల్స్ తగ్గించి చూడండి.

*రాత్రి ట్రాక్‌లో గాలి గుబగుబ.* 60 హెర్ట్జ్ దగ్గర హై పాస్ వేయండి. 100 దాకా పోవద్దు, హోరు పోతుంది.

*అంతా బాగానే ఉంది గాని విసుగ్గా ఉంది.* పగలు, రాత్రి ఒకే వాల్యూమ్‌లో ఉన్నాయేమో చూడండి. రాత్రి 4 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే ఇల్లు నేల మీద నిలుస్తుంది.

11. ఫైలు, ముఖచిత్రం

మొత్తం గట్టిదనం మైనస్ 18 లఫ్స్ (LUFS, చెవికి తోచే గట్టిదనపు కొలత) దగ్గర, శిఖరం మైనస్ 1 డెసిబెల్ లోపల. సినిమా పాటంత గట్టిగా లేదని కంప్రెసర్ (హెచ్చుతగ్గులను నొక్కేది) తగిలించకండి. 24 బిట్ వేవ్‌గా ఒక ప్రతి దాచి, పంచుకోవడానికి ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఫైలు) తీయండి.

ముఖచిత్రంగా మాగ్రిట్ బొమ్మనే పెట్టేస్తున్నారు చాలామంది. ఆయన 1967లో మరణించాడు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి, అంటే ఇక్కడ 2027 చివరి దాకా. మరణానంతరం 70 ఏళ్లు లెక్కించే యూరప్ దేశాల్లో 2037 చివరి దాకా. వర్ణనలో బొమ్మ పేరు రాయడానికి అడ్డేమీ లేదు. ముఖచిత్రానికి మాత్రం మీరు రికార్డు చేసిన ఆ ట్రాన్స్‌ఫార్మర్ మలుపునే ఫొటో తీసి పెట్టండి, పట్టపగలు.